ఓటీపీ కూడా వేలిముద్రే

(మహిళా సంఘం సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం)

 

ఈ రోజు నన్ను మాట్లాడమన్నారు. దేని గురించి మాట్లాడాలా అని ఆలోచించాను. పొదుపు గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆరోగ్యం గురించి మాట్లాడుకున్నాం. ఈ రోజు మన పిల్లలు ఫోనులో ఆడే ఆటల గురించి మాట్లాడతాను.

“పిల్లల ఆటలతో మనకేం పని?” అని మీలో కొందరు అనుకోవచ్చు. నేనూ అలా అనుకున్నదాన్నే. పిల్లలు గోలీలాడినా, కబడ్డీ ఆడినా మన సొమ్మేమీ పోదు. మోకాలు చెక్కుకుపోతే పసుపు పెడతాం. అంతే. ఫోనులో ఆట అలా కాదు. ఆడేది పిల్లవాడే. కానీ ఫోను మనది. నంబరు మనది. మన బ్యాంకు ఖాతా ఆ నంబరుతోనే ముడిపడి ఉంది. ఆటలోకి దొంగ వచ్చాడంటే మన గడప దాకా వచ్చినట్టే.

ముందుగా మా ఇంట్లో జరిగింది చెబుతాను. దాచుకోకుండా చెబుతాను. నాకు జరిగింది మీకు జరగకూడదు కదా!

మా ఇంట్లో జరిగింది

మా చిన్నోడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మూలన పడేసి నా ఫోను తీసుకుంటాడు. తుపాకులతో కాల్చుకునే ఆట ఒకటి ఆడతాడు. ఒక్కడే కాదు. ఎక్కడెక్కడి పిల్లలో కలిసి ఆడతారు. ఒకరి మాట ఒకరికి వినబడుతుంది. రెండేళ్లుగా ఆ ఆటే. పండక్కి మేనమామలు ఇచ్చిన డబ్బులు, నన్ను అడిగి తీసుకున్న డబ్బులు అందులోనే పెట్టాడు. ఆటలో బొమ్మకు బట్టలు కొన్నాడు. తుపాకులు కొన్నాడు. మొత్తం 1,200 రూపాయలు అయిందని తర్వాత లెక్క చెప్పాడు.

ఒకనాటి సాయంత్రం నేను దోసెల పిండి రుబ్బుతున్నాను. రెండు చేతులకూ పిండి. చిన్నోడు వచ్చాడు.

“అమ్మా, నీ ఫోనుకు ఒక నంబరు వచ్చింది. కొడుతున్నా” అన్నాడు.

“సరే, కొట్టుకో” అన్నాను.

ఏం నంబరు? ఎవరు పంపారు? ఎక్కడ కొడుతున్నావు? ఒక్క మాట అడగలేదు. తలెత్తి చూడలేదు.

తర్వాత తెలిసింది. ఆటలో పరిచయమైన ఒకడు వీడికి ఒక లింకు పంపాడు. వాణ్ణి వీడు “అన్నా” అని పిలుస్తాడు. మొహం ఎప్పుడూ చూడలేదు. “ఈ లింకు నొక్కితే డైమండ్లు ఊరికే వస్తాయి” అని చెప్పాడట. డైమండ్లు అంటే నిజం వజ్రాలు కావు. ఆటలో చెల్లే డబ్బు. మావాడు నొక్కాడు. ఒక పేజీ వచ్చింది. అచ్చం ఆట పేజీలాగే ఉంది. అందులో నా గూగుల్ అకౌంటు పేరు, పాస్‌వర్డ్ కొట్టాడు. కొంచెం సేపటికి నా ఫోనుకు నంబరు వచ్చింది. అదీ కొట్టాడు. ఆట మూసుకుపోయింది. మళ్లీ తెరుచుకోలేదు.

వాడు నాకు చెప్పలేదు. కొడతానని భయం. ఒక రోజు కాదు, నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఆ నాలుగు రోజులూ నా ఫోనులో ఏదో మెసేజి వస్తూనే ఉంది. ఇంగ్లీషులో ఉంది. నేను పక్కకు తోసేశాను.

నాలుగో రోజు రాత్రి అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు. అప్పుడు చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. చెయ్యెత్తాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడు కొడితే రేపు ఇంకోటి జరిగినా చెప్పడు” అంది. ఆ మాట నిజం. చెయ్యి దించాను.

కానీ భయం దిగలేదు. మర్నాడు సంఘం కిస్తీ కట్టాలి. పది మంది ఇచ్చిన 14,000 రూపాయలు నా ఖాతాలో ఉన్నాయి. అవి నా డబ్బులు కావు. మీలాంటి ఆడవాళ్లు కలుపు తీసి, నాట్లు వేసి తెచ్చిన డబ్బులు. అవి పోతే నేను మొహం ఎలా చూపించాలి? ఇంకొకటి. మా అమ్మ చనిపోయి మూడేళ్లయింది. ఆమె ఫొటోలన్నీ ఆ గూగుల్ అకౌంటులోనే ఉన్నాయి. వేరే చోట ఒక్కటీ లేదు.

రాత్రే పక్కింటి అమ్మాయిని పిలిచాను. డిగ్రీ చదువుతోంది. ఆమె ఫోను చూసింది. “అత్తా, వాడు పాస్‌వర్డ్ మార్చేశాడు. నీ నంబరు తీసేసి వాడి నంబరు పెట్టుకున్నాడు. కానీ భయపడకు. నంబరు మార్చినా ఏడు రోజుల దాకా పాత నంబరుతో అడగవచ్చు. ఇంకా నాలుగు రోజులే అయింది” అంది. కూర్చుని ఓపికగా చేసింది. అర్ధరాత్రికి అకౌంటు తిరిగి వచ్చింది. అమ్మ ఫొటోలు ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను.

తెల్లారి బ్యాంకు తెరవక ముందే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. డబ్బులు భద్రంగా ఉన్నాయి. దొంగకు నా బ్యాంకు పిన్ దొరకలేదు. అందుకే మిగిలాయి. పిల్లవాడి ఆట ఖాతా మాత్రం పోయింది. ఆట కంపెనీకి రాశాం. తిరిగి రాలేదు.

మావాడు ఇంకో మూడు రోజులు చెప్పకుండా ఉంటే ఏమయ్యేది? ఆ గడువు దాటేది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఆట ఖాతా అంటే ఏమిటి?

బ్యాంకులో మనకు ఖాతా ఉంటుంది కదా! పాస్ పుస్తకం ఉంటుంది. ఎంత వేశాం, ఎంత తీశాం, అన్నీ అందులో ఉంటాయి. ఫోను ఆటలోనూ అలాగే పిల్లవాడికి ఒక ఖాతా ఉంటుంది. ఎన్ని ఆటలు గెలిచాడు, ఏమేం కొన్నాడు, అన్నీ దాంట్లో ఉంటాయి. ఫ్రీ ఫైర్ ఆటలో డైమండ్లు అంటారు. బీజీఎంఐ ఆటలో యూసీ అంటారు. వీటిని నిజం డబ్బు పెట్టి కొంటారు.

ఈ ఖాతాకు వేరే తాళం ఉండకపోవచ్చు. చాలామంది పిల్లలు గూగుల్ అకౌంటుతోనో, ఫేస్‌బుక్ అకౌంటుతోనో ఆట తెరుస్తారు. ఒకే తాళం చెవితో పశువుల కొట్టమూ, వంటిల్లూ, డబ్బు పెట్టే బీరువా తెరుచుకున్నట్టు. కొట్టం తాళం చెవి దొంగ చేతిలో పడితే బీరువా కూడా పోయినట్టే.

“ఆట ఖాతా దొంగిలించి వాడేం చేసుకుంటాడు?” అని మీరు అడగవచ్చు. అమ్ముకుంటాడు. డబ్బు పెట్టి కొన్న సామాను ఉన్న ఖాతాను కొనేవాళ్లు ఉంటారు. ఇంకా పిల్లవాడి పేరుతో వాడి స్నేహితులకు మెసేజి పెడతాడు. “అర్జంటుగా 500 పంపరా” అంటాడు. స్నేహితుడే అనుకుని వాళ్లు పంపుతారు. ఇలా ఖాతాను కాజేసేవాణ్ణే హ్యాకర్ అంటారు.

తెలివైనవాళ్లూ మోసపోతారు

మోసపోయామని సిగ్గుపడనక్కర్లేదు. చదువుకున్నవాళ్లు, పెద్ద కంపెనీలు కూడా మోసపోయాయి.

స్టీమ్ అనే పెద్ద ఆటల దుకాణం ఉంది. అది అమెరికా కంపెనీది. నెలకు సుమారు 77,000 ఖాతాలు దొంగల పాలవుతున్నాయని ఆ కంపెనీయే 2015లో చెప్పింది. పోగొట్టుకున్నవాళ్లు కొత్తవాళ్లు, అమాయకులు మాత్రమే కాదు, ఆటలో ఆరితేరినవాళ్లు కూడా ఉన్నారని చెప్పింది.

జపాను దేశంలో సోనీ అనే కంపెనీ ఉంది. ఆ కంపెనీ ఆట యంత్రం పేరు ప్లేస్టేషన్. 2011 ఏప్రిల్‌లో దొంగలు ఏకంగా ఆ కంపెనీ కంప్యూటర్లలోకే దూరారు. సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. అది ఎంత పెద్ద లెక్కో చూడండి. అదే ఏడాది జనాభా లెక్కల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు ఎనిమిదిన్నర కోట్లు. ఇంచుమించు రాష్ట్రమంతటి జనం వివరాలు పోయినట్టు! పేర్లు, ఊళ్లు, పుట్టిన తేదీలు, పాస్‌వర్డ్‌లు కూడా ఉన్నాయి. మూడు వారాలకు పైగా ఆ ఆటల వ్యవస్థ మూసి ఉంచారు.

ఇందులో ఆడేవాళ్ల తప్పేమీ లేదు. కానీ వాళ్లలో అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్ల సంగతి ఏమిటి? ఇక్కడ దొరికిన పాస్‌వర్డ్‌తో దొంగ ఇంకో చోట కూడా తలుపు తీయవచ్చు. అందుకే ఆటకు ఒక పాస్‌వర్డ్, గూగుల్‌కు ఇంకొకటి ఉండాలి. బ్యాంకు పిన్ వీటిలో దేనికీ వాడకూడదు.

దొంగ వచ్చే దారులు

దొంగ గోడ దూకి రాడు. మనమే తలుపు తీసేలా మాట్లాడతాడు. వాడి దారులు నాలుగు చెబుతాను.

ఒకటి, ఉచితం. “ఊరికే డైమండ్లు ఇస్తాం, బహుమతి వచ్చింది” అంటాడు. మావాడు పడింది ఇందులోనే. చేపకు ఎర ఊరికే వేస్తారా? ఎర వెనక గాలం ఉంటుంది.

రెండు, సహాయం. “నీ పాస్‌వర్డ్ ఇవ్వు, నీ బదులు ఆడి నీ ర్యాంకు పెంచుతా” అంటాడు. పాస్‌వర్డ్ ఇచ్చిన మరుక్షణం ఖాతా వాడిది.

మూడు, దొంగ యాప్. “ఈ యాప్ పెట్టుకుంటే ఎప్పుడూ నువ్వే గెలుస్తావు” అంటాడు. ఆ యాప్ ప్లే స్టోర్‌లో ఉండదు. వాట్సాప్‌లోనో, టెలిగ్రాంలోనో పంపుతాడు. పెట్టుకునేటప్పుడు అది అనుమతులు అడుగుతుంది. “మీ మెసేజిలు చదవవచ్చా?” అంటుంది. ఆటకు మన మెసేజిలతో ఏం పని? పిల్లవాడు సరే అని నొక్కాడంటే, ఆ తర్వాత మన ఫోనుకు వచ్చే ప్రతి నంబరూ దొంగ చదువుకుంటాడు. మనల్ని అడగనక్కర్లేదు కూడా.

నాలుగు, భయం. “నీ ఖాతా మూసేస్తున్నాం. వెంటనే ఈ లింకులో వివరాలు పెట్టు” అంటాడు. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడు. తొందర పెట్టాడంటే అనుమానించాల్సిందే.

నాలుగు దారులూ చివరికి ఒక్క చోటికే వస్తాయి. ఎక్కడికి? మన ఫోనుకు వచ్చే ఆ నంబరు దగ్గరికి.

ఆ నంబరు మన వేలిముద్ర

ఆ నంబరునే ఓటీపీ అంటారు. ఒక్కసారి మాత్రమే పనికివచ్చే రహస్య నంబరు. నాలుగంకెలు ఉండవచ్చు, ఆరంకెలు ఉండవచ్చు. అది మన ఫోనుకే ఎందుకు వస్తుంది? “లోపలికి వస్తానంటున్నది నువ్వేనా?” అని మనల్ని అడగడానికి. ఆ నంబరు కొడితే “అవును, నేనే” అని ఒప్పుకున్నట్టు.

మీకు పాత రోజులు గుర్తున్నాయా? మా అమ్మకు బాగా గుర్తుండేవి. చిన్నతనంలో ఆమెకు అక్షరం రాదు. షావుకారు దగ్గర 200 అప్పు తెచ్చేది. వాడు కాగితం ముందు పెట్టి వేలు పట్టుకుని సిరాలో అద్దేవాడు. కాగితం మీద 200 రాశాడో, 2,000 రాశాడో ఆమెకు తెలియదు. వేలిముద్ర పడింది. అంతే. తర్వాత ఎంత మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. “ముద్ర నీదే కదా!” అనేవారు.

చదవకుండా ఓటీపీ చెప్పడం కూడా అంతే. చదవని కాగితం మీద వేలిముద్ర వేయడమే. ఆ సాయంత్రం నేను చేసింది అదే. వేలికి సిరా బదులు పిండి ఉంది. అంతే తేడా.

“ఆ మెసేజి ఇంగ్లీషులో ఉంటుంది, మేమెలా చదవాలి?” అంటారు మీరు. నిజమే. మనకు వచ్చింది తెలుగు. కానీ అంకెలు మనకు వచ్చు. ఓటీపీకి ఇంగ్లీషులో మూడే అక్షరాలు. వాటి రూపం చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

మొదటి అక్షరం సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది.

రెండో అక్షరం నిలువు గుంజ మీద అడ్డంగా దూలం పెట్టినట్టు ఉంటుంది.

మూడో అక్షరం జెండా కర్రలాగా ఉంటుంది. కర్రకు పైన కుడి పక్కన గుండ్రటి జెండా.

సున్నా, గుంజ మీద దూలం, జెండా కర్ర. ఈ మూడూ వరుసగా కనబడి, పక్కనే అంకెలు ఉంటే అది ఓటీపీ. కొన్ని మెసేజిల్లో ఈ మూడక్షరాలు ఉండవు. ఉత్త అంకెలే ఉంటాయి. అయినా సరే. మనం అడగకుండా అంకెలు వచ్చాయంటే ఆగాలి. ఎవరికీ చెప్పకూడదు. ఎక్కడా కొట్టకూడదు. ఫోను చేసి అడిగినవాడు బ్యాంకు మేనేజరునన్నా, పోలీసునన్నా, ఆట కంపెనీవాణ్ణన్నా చెప్పకూడదు.

ఇప్పుడు ఏం చెయ్యాలి?

ఫోను పిల్లల చేతికి ఇవ్వకండి అని నేను చెప్పను. చెప్పినా జరగదు. పాఠాలూ అందులోనే వస్తున్నాయి. కానీ ఈ పనులు చెయ్యండి. ఒక్కరోజులో అన్నీ కాకపోతే రోజుకొకటి చెయ్యండి.

1. పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. “నువ్వు ఆడే ఆట ఏది? ఏ అకౌంటుతో తెరుస్తావు?” నా అకౌంటుతోనే అంటే, ఆటకు వేరే అకౌంటు పెట్టించండి. మన ఫొటోలు, మన ఫోను నంబర్లు ఉన్న అకౌంటు ఆటకు వద్దు.

2. పాస్‌వర్డ్ గట్టిగా పెట్టండి. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు పెట్టవద్దు. అవి అందరికీ తెలిసినవే. ఒకదానికొకటి సంబంధం లేని మాటలు నాలుగు కలపండి. గేదె, చింతచెట్టు, మంగళవారం, అప్పడం. ఇలాంటివి. నేను చెప్పినవే పెట్టకండి, మీవి మీరు అనుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో పిల్లవాడు కొడతాడు. మీరు దాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసుకుని పాస్ పుస్తకం దగ్గర దాచండి. ఎవరికోసమో కాదు, మీకోసం మీరు రాసుకోండి. ఫోను కవరులో మాత్రం పెట్టవద్దు.

3. రెండో తాళం వేయించండి. గూగుల్, ఫేస్‌బుక్ అకౌంట్లలో ఆ సౌకర్యం ఉంది. పేరు టూ స్టెప్ వెరిఫికేషన్. పాస్‌వర్డ్ ఒక తాళం అయితే ఇది గడియ. పాస్‌వర్డ్ దొరికినా దొంగ లోపలికి రావడం కష్టం. కానీ ఓటీపీ మనమే ఇచ్చేస్తే గడియ మనమే తీసినట్టు. మరిచిపోకండి.

4. ప్లే స్టోర్‌లో ఏది కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టించండి. అప్పుడు పిల్లవాడు తెలియక నొక్కినా డబ్బు పోదు.

5. ఫోన్‌పే, గూగుల్ పే పిన్ పిల్లలకు చెప్పవద్దు. ఇంకో మాట. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. పంపడానికే పిన్ కావాలి. “డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి” అని ఎవరైనా అంటే డబ్బు మన దగ్గర నుంచి పోబోతోందని అర్థం.

6. నంబరు మార్చితే అకౌంటులోనూ, బ్యాంకులోనూ కొత్త నంబరు ఇవ్వండి. చాలాకాలం రీఛార్జి చెయ్యక వదిలేసిన నంబరు కంపెనీవాళ్లు ఇంకొకరికి ఇస్తారు. అప్పుడు మన ఓటీపీ ఆ ఇంకొకరికి వెళుతుంది.

7. ఫోను సెట్టింగ్స్‌లో భాష మార్చుకోవచ్చు. తెలుగు పెట్టించండి. పిల్లలు గునుస్తారు. గునిస్తే గునవనివ్వండి. ఫోను మనది, చదువుకోవాల్సింది మనం.

ఒకవేళ జరిగిపోతే?

ఎంత జాగ్రత్తపడినా ఒకోసారి జరుగుతుంది. అప్పుడు ఏడుస్తూ కూర్చోకూడదు. గంటలు లెక్క.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఇది సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు. దేశమంతటికీ ఒకటే. ఎంత తొందరగా చెబితే, డబ్బు దొంగ చేతికి వెళ్లకుండా బ్యాంకులో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. “రేపు చూద్దాం” అంటే రేపటికి ఆ డబ్బు పది ఖాతాలు మారిపోతుంది. మన బ్యాంకుకు కూడా చెప్పండి. కంప్యూటరు తెలిసినవాళ్లుంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే చోట ఫిర్యాదు రాయించవచ్చు. దగ్గరి పోలీసు స్టేషన్‌లోనూ ఇవ్వవచ్చు.

అకౌంటు పోతే, ఎప్పుడూ వాడే ఫోనులోనే, పాత నంబరుతోనే తిరిగి తెచ్చుకోవడానికి ప్రయత్నించండి. తిరిగి రాగానే పాస్‌వర్డ్ మార్చండి. ఆ అకౌంటు ఏయే ఫోన్లలో తెరిచి ఉందో చూసి, మనవి కానివన్నీ తీసేయించండి. బంధువులకు ఫోను చేసి, “నా పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకండి” అని చెప్పండి. వచ్చిన మెసేజిలు చెరిపేయవద్దు. అవి సాక్ష్యం.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. “పోయిన ఖాతా తెచ్చి ఇస్తాం, 500 కట్టండి” అంటూ కొందరు వస్తారు. కస్టమర్ కేర్ అని దొంగ నంబర్లు పెడతారు. పుండు మీద కారం చల్లే రకం. నమ్మవద్దు. ఆట యాప్ లోపల సహాయం అని ఒక చోటు ఉంటుంది. అక్కడే రాయాలి.

డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. పేకాటలాంటివి, పందెం ఆటలు ఫోనులోకి వచ్చాయి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వాటి మీద చట్టాలు తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టంలో శిక్ష ఆడినవాళ్లకు కాదు, ఆడించినవాళ్లకు. కాబట్టి మన ఇంట్లోవాళ్లు అలాంటి ఆటలో మోసపోయినా, ఆ కేంద్ర చట్టం కింద తమకు శిక్ష పడుతుందేమోనని భయపడి ఫిర్యాదు మానుకోవద్దు.

పిల్లలు మనకు చెప్పాలి

అన్నిటికన్నా ముఖ్యం ఇది. పిల్లవాడు తప్పు చేసిన రోజు మన దగ్గరికే రావాలి. దొంగకు కావలసింది పిల్లవాడి భయం. “మీ అమ్మకు చెబితే నిన్ను కొడుతుంది” అని దొంగే చెబుతాడు. మనం కొడితే దొంగ మాట నిజమవుతుంది. ఆ నాలుగు రోజులు మావాడి నోరు కట్టేసింది దొంగ కాదు, నా చెయ్యి. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నా ఫోనుకు నంబరు వస్తే వాడు నా దగ్గరికి తేవాలి. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, చూస్తాను. ఎవరు పంపారు, ఎందుకు పంపారు, వాడు నాకు చదివి చెప్పాలి. అర్థమైతేనే సరే అంటాను. అర్థం కాకపోతే వద్దు. ఆట ఒక పూట ఆగితే ఏమీ కాదు. మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు వాడే నాకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పుతున్నాడు. నేను వాడికి బ్యాంకు లెక్క నేర్పుతున్నాను.

మా అమ్మది నెల్లూరు జిల్లా. అక్కడ ఆమె రాత్రిబడిలో చదువుకుంది. ఆ జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. అది చేసింది కొత్తగా చదువుకున్న ఆడవాళ్లే. ఒక్కరే అయితే అయ్యేది కాదు. కలిసి కూర్చుని చదివారు, మాట్లాడుకున్నారు, కదిలారు.

మనమూ కలిసే చేద్దాం. ఏ ఇంట్లో ఏ మోసం జరిగినా సంఘంలో చెప్పుకుందాం. నవ్వకూడదు, దెప్పకూడదు. ఒకరికి జరిగింది పది మందికి తెలిస్తే మిగతా తొమ్మిది ఇళ్లు నిలుస్తాయి.

మా అమ్మ మొదటిసారి సంతకం పెట్టిన రోజు నాకు ఒక మాట చెప్పింది. “ఇక నుంచి చదవకుండా నా వేలు ఎవరికీ ఇవ్వను” అంది. ఆ మాటే మీకు చెబుతున్నాను. చదవకుండా వేలు ఇవ్వకండి. చదవకుండా నంబరు ఇవ్వకండి.

సెలవు.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో పిల్లలు ఏ ఆట ఆడతారు? ఎవరి ఫోనులో ఆడతారు?

2. ఓటీపీని వేలిముద్రతో ఎందుకు పోల్చారు?

3. పిల్లవాడు నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదు? మీ ఇంట్లో అయితే చెబుతాడా?

4. “డబ్బు వేస్తాం, పిన్ కొట్టండి” అని ఎవరైనా అడిగితే మీరేం చేస్తారు?

రాయండి

సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930. దీన్ని పెద్ద అంకెలతో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో అందరికీ కనబడేలా గోడకు అంటించండి.